ఆకులొచ్చాయి, పువ్వు రాలేదు: బెజవాడలో ఫ్రీసియా

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. వాళ్లింటికి వెళ్లినప్పుడు పెరట్లో ఫ్రీసియా పూలు చూశాను. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. ఇక్కడికొచ్చాక ఆన్‌లైన్‌లో ఇరవై దుంపలు తెప్పించి, నిరుడు జులైలో వానలు పడగానే డాబా మీద నల్ల గ్రో బ్యాగుల్లో నాటాను. సగం కుళ్లిపోయాయి. మిగతావి సన్నటి ఆకులు వేసి, దీపావళి దాటాక పండిపోయాయి. ఒక్క పువ్వు కూడా రాలేదు. తవ్వి చూస్తే దుంపలు గట్టిగానే ఉన్నాయి. చలి తగలాలని ఎవరో వీడియోలో చెబితే మే నెల నుంచి ఫ్రిజ్‌లో, కూరగాయల డబ్బాలో పెట్టాను. నాకు దుంపలు అమ్మినవాళ్లు మోసం చేశారా? ఈసారి ఎప్పుడు నాటాలి? సంక్రాంతికి వచ్చేటప్పుడు అమ్మాయిని అక్కణ్నుంచి దుంపలు తెమ్మందామా? అసలు మన ఊళ్లో ఇది పూస్తుందా, పూయదా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జవాబు: ఉన్నది ఉన్నట్టే చెబుతానమ్మా. విజయవాడలో ఫ్రీసియా మన మల్లెల్లా విరగబూయదు. చలి బాగా పడిన ఏడాది, చేయాల్సినవన్నీ వేళకి చేస్తే, కొన్ని దుంపలు పూస్తాయి. చలి పడని ఏడాది ఆకులతోనే సరిపెట్టుకోవాలి. ఇది తెలిసి కూడా పెంచాలనిపిస్తే తప్పకుండా పెంచండి, ఎలాగో వివరంగా రాస్తున్నాను. కానీ మిగతాది చదివే ముందు ఒక పని చేయండి. ఆ దుంపల్ని ఫ్రిజ్‌లోంచి తీసేయండి. ఇవాళే.

వీడియోలో మీకు చెప్పింది ట్యులిప్ గడ్డలకి సరిపోయే మాట. వాటిని నాటే ముందు కొన్ని వారాలు చలిలో ఉంచాలి. ఫ్రీసియాకి లెక్క తలకిందులు. దీని పుట్టిల్లు దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతం. అక్కడ వానలు చలికాలంలో కురుస్తాయి, ఎండాకాలం పొడిగా గడుస్తుంది. చలికి ముందు పడే తొలి వానలకి దుంప మొలకెత్తుతుంది, చలికాలమంతా ఆకు పెంచుకుంటుంది, చలి వెనకపట్టు పట్టే రోజుల్లో పూస్తుంది. ఎండలు రాగానే ఆకు ఎండిపోతుంది. ఇక వేసవంతా దుంప పొడి మట్టిలో, వేడిలో నిద్ర. ఆ వేడి తగిలితేనే దాని నిద్ర వదులుతుంది. హాలెండ్‌లో పూల వ్యాపారం కోసం పెంచేవాళ్లు దుంపల్ని సుమారు 30 డిగ్రీల వేడిలో 10 నుంచి 13 వారాలు ఉంచి, ఆ తర్వాతే నాటుతారు. ఆ వేడి అందకుండా నెలల తరబడి చల్లటి చోట ఉంచితే దుంప మొలకెత్తకుండా మొండికేస్తుంది. ఒక్కోసారి ఒక్క ఆకైనా వేయకుండా, పాత దుంప నెత్తిన కొత్త దుంప కట్టి ఊరుకుంటుంది. ఆ సంవత్సరం అలా పోయినట్టే.

ఇంకా శ్రావణమే కాబట్టి మీకు టైముంది. ఈ నెలల్లో మన ఇళ్లలో వేడి అటూ ఇటుగా 30 డిగ్రీలు ఉండనే ఉంటుంది. అంటే హాలెండ్‌వాళ్లు కరెంటు ఖర్చు పెట్టి తెచ్చుకునే వేడి మనకి ఊరికే దొరుకుతోంది. ఫ్రిజ్‌లోంచి తీసిన దుంపల్ని ఒకరోజు ఫ్యాన్ కింద ఆరనివ్వండి. మెత్తగా ఉన్నవీ, నొక్కితే లోపలికి పోయేవీ, గోధుమరంగు మచ్చ పడి ముక్కిన వాసన వేసేవీ ఏరి అవతల పారేయండి, వాటిని కంపోస్టులో మాత్రం వేయకండి. ఆ కుళ్లు ఫ్యుజేరియం అనే బూజు వల్ల వస్తుంది, మట్టిలో చేరితే పోదు. మంచివాటిని ఉల్లిపాయలు వచ్చే వల సంచిలో వేసి, వంటింటి ఆవిరి తగలని చోట, గాలాడేలా వేలాడదీయండి. ప్లాస్టిక్ డబ్బాలో మూత పెట్టకండి, ఈ వానాకాలపు తేమకి చెమ్మ పట్టేస్తాయి. కార్తీకం వచ్చేసరికి వాటికి కావాల్సిన వేడి పూర్తిగా అందుతుంది. అదే మన నాటు వేళ కూడా.

ఇక మోసం సంగతి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే దుంపలు అమ్మినవాళ్ల తప్పేమీ కనబడటం లేదు. కత్తుల్లాంటి సన్నటి ఆకులు విసనకర్ర విప్పినట్టు ఒకే వరసలో వచ్చి ఉంటే అది ఫ్రీసియానే. అనుమానముంటే దుంప చూడండి. ఫ్రీసియా దుంప చిన్నది, మొన వైపు సన్నగా ఉంటుంది, పైన వల అల్లినట్టు పీచు పొర ఉంటుంది. దీని చుట్టమైన గ్లాడియోలస్ దుంప దీనికంటే బాగా పెద్దది, అప్పడంలా కాకపోయినా బల్లపరుపుగా ఉంటుంది. అమ్మేవాళ్లు అన్నిటినీ బల్బులే అంటారు గానీ ఇవి ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా విడివడవు, కోస్తే చేమదుంపలా, కందలా లోపలంతా గట్టిగా ఒకటే ముద్ద. కుంకుమపువ్వు దుంప కూడా ఈ తరహాదే, కుటుంబం కూడా ఒకటే. మళ్లీ ఎప్పుడైనా కొనాల్సి వస్తే దుంప చుట్టుకొలత 5 సెంటీమీటర్లకి తగ్గకుండా అడగండి. అంతకన్నా చిన్నవి మొదటి ఏడాది ఆకులు వేసి ఊరుకునే అవకాశం ఎక్కువ.

మరి పువ్వు ఎందుకు రాలేదంటే, అది జులైలో నాటడం వల్ల. మనకి తొలకరి పడితే విత్తనం వేయడం అలవాటు, బెండ, బీర, సొర అన్నీ అలాగే వేస్తాం. ఫ్రీసియాకి మాత్రం ఆకు తయారయ్యే వేళకి చలి ఎదురవ్వాలి. మొలకెత్తి ఆరేడు ఆకులు వేసే దాకా వేడి కొంచెం ఎక్కువైనా ఓర్చుకుంటుంది. ఆ తర్వాత కొన్ని వారాల పాటు దుంప చుట్టూ ఉన్న మట్టి చల్లగా ఉండాలి, దాదాపు 12 నుంచి 16 డిగ్రీలు. అప్పుడే లోపల పూకాడ తయారవుతుంది. 20 దాటితే అది ఆలస్యమవుతుంది. ఇంకా వేడెక్కితే ఆ మాటే మర్చిపోతుంది. మీ మొక్కలకి ఆరేడు ఆకులు వచ్చింది సెప్టెంబరులో. విజయవాడ సెప్టెంబరు ఉక్క సంగతి మీకు నేను చెప్పాలా! పైగా డాబా మీద, నల్ల సంచుల్లో. చలి మొదలయ్యే వేళకి పాపం వాటి ఆయుష్షే తీరిపోయింది.

ఇక్కడే మన ఊరి అసలు ఇబ్బంది ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో కూడా మన దగ్గర రాత్రి వేడి మామూలుగా 18 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. చలిగాలి వీచిన రాత్రుల్లో ఇంకొంచెం దిగుతుంది. పగలు మళ్లీ 29, 30. గుంటూరు పరిస్థితీ ఇంతే, ఊరి బయట పొలాల పక్కన ఉన్న ఇళ్లకి ఒకటి రెండు డిగ్రీలు మేలు. అంటే పువ్వు కట్టడానికి కావాల్సిన చలికీ మనకి దొరికే చలికీ మధ్య కొంచెం తేడా ఉండిపోతోంది. మనం చేయగలిగింది ఆ తేడాని వీలైనంత తగ్గించడమే. గాలిని చల్లబరచలేం, మట్టిని చల్లబరచవచ్చు. ఈ మొక్క కూడా ముఖ్యంగా మట్టి చలినే లెక్క చూసుకుంటుంది. హాలెండ్‌లో వేసవిలో ఫ్రీసియా పూయించేవాళ్లు మళ్ల కింద గొట్టాలు వేసి చల్లటి నీళ్లు పారిస్తారు. మనం అంత పని చేయక్కర్లేదు.

మొదట డాబాని వదిలేయండి. పగలంతా కాగిన శ్లాబు రాత్రి చాలాసేపటి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. చలి దొరకాల్సిన వేళంతా ఆ వేడికే పోతుంది. కింద పెరట్లో, తులసికోట పక్కనో, ప్రహరీ గోడ వారనో నేల మీద కొంచెం చోటు చూడండి. తూర్పు వైపు అయితే మంచిది. పొద్దున పది పదకొండు దాకా ఎండ తగిలి, ఆ తర్వాత ఇంటి నీడ పడాలి. అస్సలు ఎండ లేని చోట పెడితే ఆకులు సాగిపోయి వాలిపోతాయి, పువ్వు ఆశ వదులుకోవాల్సిందే. ఏసీ గదిలో పెడితే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. మనం 24లోనో 26లోనో పెట్టుకునే ఏసీ దీనికి చలి కింద లెక్కకి రాదు, గదిలో వెలుతురూ చాలదు. అనవసరంగా కరెంటు బిల్లు.

కుండీ మట్టిదే కావాలి, రంగు వేయనిది. లోతు దాదాపు ఒక అడుగు ఉండాలి, ఎందుకంటే ఫ్రీసియా తన వేళ్లతో దుంపని తనే కొంచెం కొంచెంగా కిందికి లాక్కుంటుంది. ఈ కుండీ పట్టేంత పెద్ద టబ్బు ఒకటి తీసుకుని, అడుగున చిల్లులు పెట్టి, ఇసుక పోసి, మధ్యలో కుండీని దించండి. కుండీకీ టబ్బుకీ మధ్య నాలుగు వేళ్ల మందాన ఇసుక ఉండాలి. డిసెంబరు నుంచి ఆ ఇసుకని పొద్దునా సాయంత్రం తడుపుతూ ఉండండి. వేసవిలో చలివేంద్రంలో కుండల్ని తడి ఇసుక మీద ఎందుకు పెడతారో ఇదీ అందుకే. తడి ఆరుతూ మట్టి గోడలోంచి వేడిని లాగేస్తుంది. గాలి పొడిగా ఉన్న రోజు బాగా పనిచేస్తుంది, మంచు పట్టి గాలి చెమ్మగా ఉన్న రోజు తక్కువ. కుండీ మట్టి మీద రెండంగుళాల మందాన వరిగడ్డి పరవండి, పగటి ఎండ వేడి దుంప దాకా దిగదు.

నీళ్ల విషయంలో ఒక జాగ్రత్త. డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకులోని నీళ్లు మధ్యాహ్నానికి గోరువెచ్చగా అవుతాయి, చలికాలంలో కూడా. పడ్డ శ్రమంతా ఒక చెంబుడు వెచ్చటి నీళ్లతో పోతుంది. తెల్లవారుజామున, ట్యాంకు నీళ్లు చల్లగా ఉన్నప్పుడే పోయండి. మున్సిపల్ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు అయితే నిశ్చింత. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడకండి, ఫ్రీసియా ఉప్పుని భరించలేదు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఫ్లోరైడ్ అంటే ఈ మొక్కకి విషం. ఆకుల కొనలు కాలినట్టు ఎండుకుంటూ కిందికి దిగుతుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. మనకి ఫ్లోరైడ్ అనగానే కనిగిరి బోర్లు గుర్తొస్తాయి గానీ, అది ఎరువు రూపంలో కూడా కుండీలోకి వస్తుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ తయారయ్యేది రాక్ ఫాస్ఫేట్ నుంచి, ఆ రాయిలో ఫ్లోరిన్ ఉంటుంది, ఎరువులోనూ కొంత మిగులుతుంది. అందుకే దుంపజాతి పూలకి భాస్వరం మంచిదని ఎవరైనా సూపర్ వేయమన్నా దీనికి వేయకండి. మట్టి గుల్లబారడానికి వాడే తెల్లటి పెర్లైట్ గింజలు కూడా వద్దు, అదే కారణం. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో, గుప్పెడు వేపపిండి. ఇంతకు మించి అక్కర్లేదు. కోకోపీట్ నీళ్లు పట్టి ఉంచుతుంది, మీకు నిరుడు సగం దుంపలు కుళ్లిన అనుభవం ఉంది కాబట్టి దాన్ని కలపకపోవడమే క్షేమం. ఇక నల్లరేగడి అయితే అసలే వద్దు, గుంటూరు పాఠకులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కార్తీకంలో, అంటే అక్టోబరు చివరి నుంచి నవంబరు పదిహేను లోపు, మొన పైకి ఉండేలా నాటండి. దుంప మీద 5 సెంటీమీటర్ల మట్టి, దుంపకీ దుంపకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం. ఎనిమిదంగుళాల వెడల్పున్న కుండీలో ఆరేడు పడతాయి. ఒక్కొక్క దుంప ఒక్కొక్క కుండీలో పెట్టడం కన్నా ఇలా గుంపుగా పెడితే ఒకదానికొకటి ఆసరాగా నిలబడతాయి. నాటినప్పుడు ఒకసారి బాగా తడపండి. మొలక కనబడే దాకా మట్టి పైన ఆరితేనే మళ్లీ నీళ్లు. నవంబరు అంటే మనకి తుపాన్ల రోజులు కూడా. వాన పట్టిందంటే కుండీల్ని సన్‌షేడ్ కిందికి జరపండి, రెండు రోజుల ముసురు చాలు దుంప కుళ్లడానికి.

ఒక అనుమానం మీకు వచ్చే ఉంటుంది, అక్టోబరు మొదట్లోనే నాటేస్తే ఆకులు ఇంకా ముందే తయారవుతాయి కదా అని. అవుతాయి, కానీ చలి రాకముందే తయారై ఎదురుచూస్తాయి. డిసెంబరులో నాటితే ఆకులొచ్చేసరికి చలి వెళ్లిపోతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మనకి దొరికే చల్లటి వారాలు డిసెంబరు నడుమ నుంచి జనవరి చివరి దాకానే. ఆ వారాలకి మొక్క ఆరేడు ఆకులతో సిద్ధంగా ఉండాలి. భోగి నాటికి మీ కుండీలో ఆకులు జానెడు దాటి నిలబడి ఉంటే మనం సరైన దారిలో ఉన్నట్టు.

ఈ రోజుల్లోనే ఇంకో కాపలా అవసరం. చలికాలంలో మన పెరళ్లలో చిక్కుడు పాదు తప్పకుండా ఉంటుంది, దాని మొగ్గలకి నల్లగా పేనుబంక పట్టడం కూడా మామూలే. చిక్కుడు జాతికి వచ్చే బీన్ ఎల్లో మొజాయిక్ అనే వైరస్ ఫ్రీసియాకీ సోకుతుంది, దాన్ని మోసేది పేనుబంకే. ఫ్రీసియాకంటూ ఉన్న మొజాయిక్ వైరస్‌ని కూడా ఇదే మోస్తుంది. ఆకు మీద పాలిపోయిన చారలు, పువ్వు మీద రంగు విరిగిన మచ్చలు కనబడితే ఆ మొక్కని దుంపతో సహా తీసేయాలి, మందు లేదు. కాబట్టి ఫ్రీసియా కుండీల్ని చిక్కుడు పందిరి దగ్గర పెట్టకండి. వారానికోసారి ఆకుల మొదళ్లు చూడండి. బంక కనబడితే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం చల్లండి.

ఫిబ్రవరిలో ఆకుల మధ్య నుంచి సన్నటి కాడ బయటికొచ్చిందంటే మీ శ్రమ ఫలించినట్టే. అప్పుడు నీళ్లు తగ్గకుండా చూసుకోండి, పగటి ఎండ నుంచి ఇంకాస్త నీడలోకి జరపండి. కాడ బరువు మోయలేదు, వెదురు పుల్లలు గుచ్చి చుట్టూ దారం కట్టండి. మొగ్గల దగ్గర కాడ పక్కకి వంగి అడ్డంగా తిరుగుతుంది. అది జబ్బేమీ కాదు, దాని స్వభావమే అంత. మొగ్గలన్నీ ఆ వంగిన కాడ మీద ఒకే వైపు, ఆకాశం వైపు నిలబడతాయి. కాడ మొదలు వైపు మొగ్గ ముందు విచ్చుకుంటుంది, తక్కినవి వరసగా ఒక్కొక్కటీ. ఈ వేళకి ఎండ ముదిరిపోతే కొన్ని మొగ్గలు విచ్చుకోకుండా ఎండిపోవచ్చు. లేదా గ్లాడియోలస్‌లా పూలు దూరదూరంగా సాగిపోయి రావచ్చు. అలా జరిగితే మొక్కకి జబ్బు చేసిందని టెన్షన్ పడకండి, అది వేడి చేసిన పని. మొదటి పువ్వు విచ్చుకోగానే కాడ కోసి ఇంట్లో నీళ్లలో పెట్టుకుంటే మిగతా మొగ్గలు నీడపట్టున విచ్చుకుంటాయి. మన ఊరికి నేను చెప్పేది ఈ పద్ధతే, వాసన కూడా ఇంట్లోనే ఉంటుంది.

ఆ వాసన గురించి రాశారు కాబట్టి ఒక మాట. ఫ్రీసియా పరిమళంలో ముఖ్యమైన పదార్థం లినలూల్. మన ధనియాల నూనెలోనూ ప్రధానంగా ఉండేది అదే. ఓ నాలుగు ధనియాలు నలిపి వాసన చూడండి, మసాలా ఘాటు వెనక ఒక తీపి పూల ఛాయ తెలుస్తుంది. అయితే అన్ని ఫ్రీసియాలకీ వాసన ఒకేలా ఉండదు. కేప్‌లో పుట్టిన తెల్లటి అడవి రకం గాఢంగా పరిమళిస్తుంది. రంగుల కోసం, పెద్ద పూల కోసం సంకరం చేసిన రకాల్లో కొన్నిటికి ఆ గుణం బాగా తగ్గిపోయింది. రంగురంగుల మిశ్రమం అని అమ్మే ప్యాకెట్టులో ఏది వస్తుందో చెప్పలేం. వాసన కోసమే పెంచేవాళ్లు రంగు అడక్కుండా, సువాసన రకమని పేరు రాసి అమ్మేదాన్నే కొనాలి. సబ్బుల మీద, సెంట్ల మీద ఫ్రీసియా అని రాసి ఉండేది మాత్రం ఆ పువ్వులోంచి తీసింది కాదు. ఈ పువ్వు నుంచి వ్యాపారానికి సరిపడా నూనె రాదు, అది ప్రయోగశాలలో కూర్చిన వాసన.

పూసినా పూయకపోయినా మార్చికల్లా ఆకులు పసుపెక్కుతాయి. అప్పుడు నీళ్లు ఆపేయండి. ఆకు పూర్తిగా ఎండాక తవ్వితే పాత దుంప ముడుచుకుపోయి, దాని మీద కొత్త దుంప, పక్కన పిల్ల దుంపలు కనబడతాయి. నీడలో ఆరబెట్టి వల సంచిలో వేసేయండి. మే నెలలో ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, కింది అరలో ఉంచండి, 40 దాటిన వడ దెబ్బకి అవి ముడుచుకుపోకుండా. చల్లటి గది చాలు, ఫ్రిజ్ కాదు. చలి చాలక పూయని మొక్క కూడా దుంపని ఎంతో కొంత పెంచుకుంటుంది. కానీ మన వేడికి ఏడాదికేడాది దుంప సైజు తగ్గుతూ పోతుంది. రెండు మూడేళ్ల తర్వాత కొత్తవి కొనక తప్పదు. పాడేరు, అరకు, చింతపల్లి వైపు మీకు బంధువులెవరైనా ఉంటే సగం దుంపలు వాళ్లకి ఇవ్వండి. లంబసింగి చలి తెలిసిందే కదా, అక్కడ పెరట్లో నాటితే ఇసుక టబ్బులూ గడ్డి పరుపులూ ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు నా మనసులో మాట. దుంప నాటి, సాయంత్రానికి పెరడంతా పరిమళించాలన్నది మీ కోరికైతే, మన మట్టికి, మన ఎండకి సరిపోయిన పువ్వు ఒకటుంది, నేల సంపెంగ. వన్‌టౌన్ పూల మార్కెట్లో దండల్లో కలపడానికి లిల్లీ అని కిలోల లెక్కన అమ్మేది ఇదే. దీని పుట్టిల్లు మెక్సికో, వేడికి జంకదు. చలి తగ్గాక ఫిబ్రవరి, మార్చి నెలల్లో గడ్డలు నాటితే మూడు నాలుగు నెలల్లో పూకాడ వేస్తుంది. మొగ్గలు సాయంత్రం విచ్చుకుంటాయి, రాత్రి పెరిగే కొద్దీ వాసన చిక్కబడుతుంది. ఒంటిరేకు రకానికే వాసన ఎక్కువ. ముద్ద రకం చూడటానికి నిండుగా ఉంటుంది, పరిమళంలో వెనకబడుతుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ప్రజ్వల్ ఒంటిరేకుదే, మొగ్గ మీద లేత గులాబీ ఛాయ ఉంటుంది. కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చేవాళ్లని అడిగితే గడ్డలు దొరుకుతాయి. జానెడు ఎడంతో నాటి, నీళ్లు నిలవకుండా చూసుకుంటే చాలు, మూడేళ్ల దాకా తవ్వక్కర్లేదు. ఇది డాబా మీద కుండీల్లో కూడా వస్తుంది. ఫ్రీసియాకి పడే కష్టంలో నాలుగో వంతు దీని మీద పెట్టండి, మీ సాయంత్రాలకి వాసన లోటుండదు. ఫ్రీసియా మానేయమని నేననను. రెండూ పెంచండి, కానీ ఆశ ఎక్కువ నేల సంపెంగ మీద పెట్టుకోండి.

చివరగా అమ్మాయి దుంపలు తేవడం. వద్దనండి. నాటే దుంపలు, గడ్డలు, విత్తనాలు బయటి దేశం నుంచి తేవాలంటే మన 2003 నాటి మొక్కల క్వారంటైన్ నిబంధనల ప్రకారం ముందుగా దిగుమతి అనుమతి, ఆ దేశపు అధికారులిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చే వస్తువు కాదిది. అక్కడి దుంపలతో ఇక్కడ లేని వైరస్ వస్తే నష్టం మీ పెరటితో ఆగదు. పైగా ఋతువు కూడా కలవదు. మెల్‌బోర్న్‌లో ఫ్రీసియా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పూసి, సంక్రాంతి వేళకి అప్పుడే నిద్రలోకి వెళ్లి ఉంటుంది. తెచ్చినా మళ్లీ కార్తీకం దాకా ఆగాల్సిందే. అక్కడ వాళ్లకి అది రోడ్డు పక్కన దానంతటదే పెరిగి కలుపుమొక్కగా కూడా మారింది, అందుకే మీకు అంత తేలిగ్గా పెరిగే పువ్వులా అనిపించి ఉంటుంది.

అమ్మాయి సంక్రాంతికే వస్తే మీ కుండీల్లో ఆకులే చూస్తుంది. పువ్వు చూపించాలని ఉంటే ప్రయాణం ఫిబ్రవరి నెలాఖరుకి పెట్టుకోమనండి. అప్పటికి మీ ఫ్రీసియాలు మొగ్గ వేసిందీ లేనిదీ, వేస్తే ఏ కుండీలో వేసిందీ, రాత్రి వేడి ఎంతకి దిగిందీ రాసి పంపండి. టబ్బు ఇసుకలో పెట్టిన కుండీ ఒకటి, మామూలుగా నేల మీద పెట్టిన కుండీ ఒకటి విడిగా గుర్తు పెట్టి పెంచగలిగితే ఇంకా మంచిది, ఈ ఊళ్లో తర్వాత నాటేవాళ్లకి ఏది పనిచేస్తుందో తెలుస్తుంది.